స్తంభం కింద సందుకు కాపలా కాసిన తొండ

ఒకప్పుడు తొండ తల ఊపేది కాదు. ఇప్పుడు మీరు గోడ మీద చూస్తారే, ముందు కాళ్ల మీద లేచి, కిందికీ పైకీ, కిందికీ పైకీ ఒళ్లంతా ఊపుతూ ఉంటుంది, అట్లా కాదు. అప్పట్లో తొండంటే మెడ నిలబెట్టి కదలకుండా కూర్చునేది. ఎండ కాచుకునేది. ఈగ వస్తే తినేది, రాకపోతే ఊరుకునేది. దానికి ఎవరి మీదా అనుమానం లేదు.

ఆ కాలంలో లేపాక్షి గుళ్లో ఓబులక్క అనే తొండ ఉండేది. ఆ గుడి నిండా రాతి స్తంభాలే, డెబ్బై దాకా ఉంటాయి. అన్నీ బుద్ధిగా నేల మీద నిలబడి కప్పు మోస్తుంటాయి. ఒక్క స్తంభం మాత్రం నేలకు ఆనకుండా వేలాడుతుంది. దాని కింద సన్నటి సందు. చూడవచ్చినవాళ్లు ఆ సందులో తువ్వాలు దూర్చి, అటుపక్కకు లాగి, "అబ్బా!" అంటారు.

ఓబులక్క ఆ స్తంభానికి ఎదురుగా ఉన్న గోడలోనే పుట్టింది. ఆ "అబ్బా!" అన్నది తననే అన్నట్టు మురిసిపోయేది. నిజానికి ఆ స్తంభం చెక్కినప్పుడు ఓబులక్క లేదు, వాళ్ల ముత్తవ్వ కూడా లేదు. అయినా ఆ మురిపెం తగ్గేది కాదు.

ఏటా ఎండాకాలం ఓబులక్క ఇంటికి ఒక చుట్టం వచ్చేది. పేరు హులిగమ్మ. హంపి తొండ. హిందూపురం సంతలో చింతపండు కొనడానికి వచ్చే ఎద్దుల బండి ఇరుసు పట్టుకుని, పది పగళ్లు ప్రయాణం చేసి, లేపాక్షి దగ్గర దిగేది. తొలకరి పడి ఉసిళ్లు లేచేదాకా ఉండేది. ఆ తర్వాత ఆఖరి బండి పట్టుకుని పోయేది.

ఇద్దరికీ ఒక ఆట ఉండేది. ఒకరు తమవైపు గొప్ప ఒకటి చెప్పాలి, రెండోవాళ్లు దానికి దీటైనది చెప్పాలి. చెప్పలేకపోతే ఆ పూట దొరికిన ఈగ ఎదుటివాళ్లది.

"మా ఊర్లో రాతితో రథం చేసినారక్కా. చక్రాలు కూడా రాతివే," అనేది హులిగమ్మ.

"మా నందిని చూసినావామ్మే? అంత ఒళ్లు, ఒకటే రాయి. మెడలో గంటలతో సహా," అనేది ఓబులక్క.

"మా తట్టు స్తంభాలను వేలితో తడితే పాడతాయి."

"పాడితే ఏమాయె? మా స్తంభం గాల్లో నిలబడుతుంది!"

ఆట రెండు ఊళ్లతో ఆగేది కాదు. హులిగమ్మ బండ్లవాళ్ల నోట విన్నవన్నీ మోసుకొచ్చేది. బిజాపురంలో ఒక గుమ్మటం ఉందట, ఈ చివర గుసగుసలాడితే ఆ చివర వినపడుతుందట. ఓబులక్క యాత్రికుల నోట విన్నవి తీసేది. బెలుం గుహలున్నాయట, లోపలికి దిగితే పైన పిడుగు పడినా వినపడదట. బాదామిలో కొండను తొలిచి గుళ్లు చేశారని ఒకరంటే, ఉండవల్లి కొండ లోపల దేవుడు ఏకంగా పడుకునే ఉన్నాడని ఇంకొకరు. జోగు జలపాతానికి పోటీగా గండికోట లోయ. వీటిలో ఒక్కటైనా ఇద్దరిలో ఒక్కరైనా చూసింది లేదు. గొప్పలు చెప్పుకోవడానికి చూసి ఉండాలని ఎక్కడుంది?

ఒక్కోసారి ఆట మధ్యలో ఇద్దరూ మెత్తబడేవాళ్లు.

"రాజులు యుద్ధంలో ఓడినాక మా ఊరు నెలల తరబడి కాలిందంట అక్కా," అనేది హులిగమ్మ.

ఓబులక్క గుడి వెనక సగంలో ఆగిపోయిన కల్యాణ మండపం వైపు చూసేది. "మాది కాలలేదు. కట్టేది నిలిపేసినారు. పైన కప్పు లేకుండా స్తంభాలు అట్లే నిలబడిపోయినాయి."

"అదీ ఇదీ ఒకే రాజ్యంలో కట్టినవే కదా."

"అవును. అన్నదమ్ములు చెక్కినా చెక్కుంటారు, ఎవరికి తెలుసు?" అనేది ఓబులక్క. ఆ పూట ఈగను ఇద్దరూ చెరి సగం తినేవాళ్లు.

ఇట్లా ఉండగా ఒక ఏడు, నిక్కర్లు తొడుక్కున్న మనుషులు ఇనుప గొలుసులతో వచ్చారు. ఊళ్ల అవతల పొలాల్లో కొలిచి, సున్నం పూసిన రాళ్లు వరసగా పాతిపెట్టి పోయారు. ప్రాకారం గోడలో కాపురముండే గోరింక ఆ వార్త మోసుకొచ్చింది. ఆ గోరింకకు నోరు ఊరుకోదు.

"ఓబులక్కా, తెలిసిందా? ఆ రాళ్లకు ఈపక్క ఆంధ్ర, ఆపక్క కర్ణాటక. నీ చుట్టం ఇంక ఆపక్కది."

"అయితే ఏమి?"

"ఏమా! ఇండ్లు వేరు పడినాక ఎవరి సామాను వాళ్లు చూసుకోవల్ల కదా? నందిని ఎత్తుకపోలేరులే, బరువు. ఎత్తుకపోయేంత తేలికైంది నీ దగ్గర ఒకటే ఉంది."

"ఏందది?"

"ఆ స్తంభం కింద సందు. దానికి బరువే లేదు. నోట కరుచుకుని పోతే అడిగేదెవరు?"

ఓబులక్క నవ్వింది. నవ్వింది గానీ, ఆ మాట మాత్రం లోపలే ఉండిపోయింది. నిజంగా సందు పోతే? స్తంభం నేలకు ఆనుతుంది. డెబ్బైలో అదీ ఒకటైపోతుంది. ఎవరూ తువ్వాలు దూర్చరు. ఎవరూ "అబ్బా!" అనరు. ఇంక లేపాక్షికి రావడమెందుకు అంటారు. 

ఆ ఎండాకాలం హులిగమ్మ ఎప్పట్లాగే వచ్చింది. దుమ్ము దులుపుకుంటూ, "బాగుండావా అక్కా? స్తంభం బాగుందా?" అంది.

ఏటా అడిగే మాటే. ఈ ఏడు ఓబులక్క చెవికి అది వేరేగా తగిలింది. నా మంచిచెడ్డలు అడిగితే చాలదా, స్తంభం సంగతి దీనికెందుకు?

రెండోరోజు హులిగమ్మ మధ్యాహ్నం కునుకు గోడ మీద కాకుండా స్తంభానికి అటుపక్క తీసింది. ఓబులక్క ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి పడుకుంది. మూడోరోజు ఇంకా ఘోరం. హులిగమ్మ తోకను సందులోకి దూర్చింది. తీసి చూసుకుంది. మళ్లీ దూర్చింది.

"ఏం చేస్తాండావు?"

హులిగమ్మ ఉలిక్కిపడింది. "ఏం లేదక్కా. చల్లగుంటే."

చల్లగుంటే ఒళ్లు దూర్చాలి గానీ ఎవరైనా తోక దూరుస్తారా? ఆ మాట నాకూ సబబుగానే తోస్తుంది. అనుమానంతో వచ్చిన చిక్కే అది, దానికెప్పుడూ సబబైన మాటలు దొరుకుతూనే ఉంటాయి.

ఆట కూడా చెడిపోయింది. హులిగమ్మ "మా రథం..." అని మొదలుపెట్టగానే ఓబులక్క, "అంత రథం ఉండాది కదా మీకు, ఇంకా ఏం కావాల?" అనేసింది. హులిగమ్మ నోరు మూసుకుంది. మూసుకున్నందుకు కూడా ఓబులక్కకు అనుమానం వచ్చింది. ఎండాకాలం చివరికొచ్చేసరికి తిండి కూడా మానేసింది. ఈగలు ముక్కు మీద వాలినా కదల్లేదు. నాలుగు పగళ్లు చూపు సందు మీదే పెట్టుకుని కూర్చుంది.

ఆ మరుసటి రోజు పొద్దున తొలకరి చినుకులు పడ్డాయి. హులిగమ్మ ఎటో వెళ్లింది. ఇదే అదననుకుని ఓబులక్క గోడ దిగి, ఆమె పడుకునే అటుపక్కకు పోయింది. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఓబులక్క ఆ పక్కకు ఎప్పుడూ పోలేదు. ఎప్పుడూ తన గోడ మీదినుంచి, ఒకే వైపు నుంచి చూసేది.

వంగి చూసింది. స్తంభం మూల నేలకు ఆని ఉంది.

సందు లేదు!

సరిగ్గా అప్పుడే హులిగమ్మ తిరిగొచ్చింది. మూతి బిగించుకుని ఉంది. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి.

"నోరు తెరువు," అంది ఓబులక్క.

హులిగమ్మ తెరవలేదు.

"తెరువంటాండా! మా సందు యాడ దాచినావు? తెరువు!"

ఉడతలు వచ్చాయి. బల్లులు వచ్చాయి. గోరింక అందరికంటే ముందే వచ్చి మంచి చోటు చూసుకుని కూర్చుంది. అంతమంది ఎదుట హులిగమ్మ నోరు తెరిచింది. లోపలినుంచి రెక్కలు తడిసిన ఉసిలి ఒకటి నేల మీద పడింది.

"తొలకరికి లేచిన మొదటి ఉసిలి అక్కా," అంది హులిగమ్మ. "నువ్వు నాలుగు దినాలుగా ఏమీ తింటాలేవని, నీకని పట్టుకొచ్చినా."



"మరి తోక దూర్చిందెందుకు?" అంది ఓబులక్క. గొంతు తగ్గింది గానీ అడగడం మాత్రం మానలేదు.

"మా వాళ్లు నమ్మరక్కా. ఆ రాళ్లు పాతినప్పటినుంచి నీ స్తంభం ఊసెత్తితే చాలు, 'ఆపక్కోళ్ల గొప్పలు నువ్వెందుకు చెప్తావు, వాళ్లు నీకేం పెట్టినారు' అంటాండారు. సందు ఎంతుందో తోకతో కొలుచుకునిపోయి చూపిద్దామనుకుంటి. అక్కడెట్లాగూ నన్ను నమ్మరు. ఇక్కడైనా నమ్ముతారనుకుంటి."

అప్పుడు ఓబులక్క ఒక మంచి మాట అని ఉంటే, పిల్లలూ, ఈ కథే ఉండేది కాదు. గోరింక అననిచ్చిందా?

"తోకతో కొలిచిందంట! సందును ఆ తోకలోనే పెట్టుకుందేమో చూడు ఓబులక్కా!"

ఓబులక్క తోక వైపు చూసింది.

ఒక్క చూపే. కానీ ఆ చూపును హులిగమ్మ చూసింది.  వెనక్కి తిరిగి, బయట కదలబోతున్న చింతపండు బండి దగ్గరికి పోయి, ఇరుసు ఎక్కింది.

బండి గంటల చప్పుడు ఇంకా వినపడుతుండగానే, గుడి చూపించే అశ్వత్థప్ప నలుగురు యాత్రికులను వెంటేసుకుని వచ్చాడు. భుజం మీది తువ్వాలు తీసి మడిచి, స్తంభం కింద దూర్చాడు.

"చూడుండి సామీ. ఆ మూల ఒకటి నేలకు తగులుతుంది. మా తాత చూసినప్పుడూ అంతే, నేను చూసినప్పుడూ అంతే. తక్కిన కిందంతా ఖాళీనే."

తువ్వాలు ఇటునుంచి అటు జారుకుంటూ వచ్చేసింది. యాత్రికులు "అబ్బా!" అన్నారు. ఆ మాటకు ఓబులక్క మొదటిసారి సిగ్గుతో చచ్చిపోయింది.

పరుగెత్తింది. పొట్ట నేలకు రాసుకుంటున్నా ఆగకుండా పరుగెత్తింది. సున్నం రాళ్ల దగ్గరికి చేరేసరికి బండి అవతలికి దాటేసింది. "హులిగీ! సందు ఉందమ్మే! సందు యాడికీ పోలేదు!" అని అరిచింది. చక్రాల కిర్రుమోతలో తొండ గొంతు ఎంత? బండి మలుపు తిరిగిపోయింది.

మరుసటి ఏడు చింతపండు బండ్లు వచ్చాయి, హులిగమ్మ రాలేదు. పై ఏడూ రాలేదు.

పోనీ, అనుమానమైనా పోయిందా అంటే అదీ లేదు. ఒకసారి దూరింది పోతుందా? నిన్న తువ్వాలు వచ్చింది నిజమే, ఇవాళ సందు ఉందా? ఓబులక్క వంగి చూసేది. ఉంది. లేచి బండ్ల బాట వైపు చూసేది. రాలేదు. మళ్లీ వంగేది, మళ్లీ లేచేది. పగలంతా అదే పని. ఆమె పిల్లలు అది చూసి, అట్లా చేయాలి కాబోలనుకుని నేర్చుకున్నారు.

అక్కడ హంపిలో హులిగమ్మ కూడా ఊరుకోలేదు. తన పిల్లలకు ఓబులక్క స్తంభం గురించి చెప్పేది. "ఇట్ల వంగి చూస్తే కనపడుతుంది సందు," అని వంగి చూపించేది. "నిజమేనా అమ్మా?" అని పిల్లలు అడిగితే మళ్లీ వంగేది. ఆ తర్వాత తల ఎత్తి, లేపాక్షి దారి వైపు చూసేది. ఆ పిల్లలూ నేర్చుకున్నారు.

అప్పటినుంచే తొండ గోడ మీదైనా, కంచె మీదైనా, బండ మీదైనా ఊరికే కూర్చోలేదు. కిందికి వంగుతుంది, పైకి లేస్తుంది, మళ్లీ కిందికి వంగుతుంది. సరిహద్దు రాళ్లకు ఈపక్క తొండా అంతే, ఆపక్క తొండా అంతే. వంగినప్పుడు సందు ఉందా అని చూస్తుంది. లేచినప్పుడు చుట్టం వస్తోందా అని చూస్తుంది.