దొరబాబు గారి కోళ్ళ షెడ్డు

మండపేట సంతవీధిలో దొరబాబు అనే స్టీలు సామాన్ల వ్యాపారి ఉండేవాడు. తన ఇంటి విలువ ఎవరడిగినా, అడిగిన మనిషి మొహం చూసి ధర చెప్పడం ఆయనకి అలవాటు.

ఈ అలవాటు కొట్లో పుట్టింది. కారులో వచ్చినవాళ్ళకి బిందె ఒక ధర, సైకిలు మీద వచ్చినవాళ్ళకి అదే బిందె ఇంకో ధర. బిందెనయితే ఎవరో ఒకరు కొని పట్టుకుపోతారు కాబట్టి గొడవ లేదు. ఇల్లు అలా కాదు, చెప్పిన చోటే ఉండిపోతుంది. అయినా ఆయన మానలేదు. బావమరిది వస్తే, "కోటికి అడిగారు, ఇవ్వనన్నాను" అనేవాడు. వినాయక చవితి చందాకి కుర్రాళ్ళొస్తే, "ఈ కొంపకి గోడలు నిలబడటమే గొప్పరా" అనేవాడు. ఇంటి పన్నుకి మున్సిపాలిటీ మనిషి వస్తే మాత్రం ఆయన గొంతు మరీ సన్నబడేది.

ఆరేళ్ళ కిందట ఆయన మేడ మీద రెండు గదులు వేయించాడు. ప్లాను మంజూరైంది, టైల్సు పడ్డాయి, ఒక గదికి ఏసీ కూడా వచ్చింది. పన్ను లెక్కలోకి మాత్రం ఆ గదులు రాలేదు. "పైన అదేంటండీ?" అని మున్సిపాలిటీ మనిషి అడిగితే, "కోళ్ళ షెడ్డు బాబూ" అని చెప్పి పంపేశాడు. నిజానికి ఆ ఇంట్లో కోడి ఆదివారం నాడు మాత్రమే కనిపించేది, అదీ కూరలోనే.

ఇల్లు కొని మేడ వేయడానికి తీసుకున్న అప్పు ఇంకా ఇరవై రెండు లక్షలుంది. పాత బ్యాంకువాళ్ళ వడ్డీ ఎక్కువ. మెయిన్ రోడ్డులో కొత్తగా తెరిచిన బ్యాంకు, ఆ అప్పుని తక్కువ వడ్డీకి తమ దగ్గరికి మార్చుకుంటామంది. నెలకి నాలుగు వేలు మిగులుతాయి.

"ఆ నాలుగు వేలూ నాకు కావాలి," అంది ఆయన భార్య సత్యవేణి.

"నీకెందుకే?"

"వయొలిన్‌కి."

పెళ్ళికి ముందు ఆమె నాలుగేళ్ళు వయొలిన్ నేర్చుకుంది. పెళ్ళయ్యాక ఆ పెట్టె బీరువా మీదికి ఎక్కి, పదిహేనేళ్ళుగా దిగలేదు. రాజమండ్రిలో ఒక టీచరు గారు వారానికి రెండు రోజులు నేర్పుతున్నారని సత్యవేణికి ఈమధ్యే తెలిసింది. నెలాఖరులోగా చేరితే చోటుంది. ఇంట్లో సాధన చేసుకోవడానికి మేడ మీద గది ఉండనే ఉంది.

పదిహేనేళ్ళలో ఆమె తనకంటూ అడిగింది ఇదొక్కటే అని దొరబాబుకి కూడా గుర్తొచ్చింది. "అప్పు మారిన రోజు నుంచీ ఆ డబ్బు నీదే," అన్నాడు. సత్యవేణి ఆ మధ్యాహ్నమే వయొలిన్ పెట్టె దించి తుడిచింది.

బ్యాంకు మేనేజరు అంతా విని, "ముందు మా ఇంజనీరు వచ్చి ఇంటికి విలువ కట్టాలండి. ముప్పై లక్షలు దాటితేనే అప్పు మారుతుంది," అన్నాడు. రాజమండ్రిలో ఉన్న ఇంజనీరు ఆఫీసు నంబరు కూడా ఇచ్చాడు.

దొరబాబు ఫోన్ చేస్తే గుమాస్తా ఎత్తాడు. "చెప్పిన రోజుకి రావాలంటే ఐదు వేలండి," అన్నాడు.

"ఐదు వేలా? మా ఇల్లు చూడ్డానికా? మా చుట్టాలు ఊరికే చూసిపోతారు."

"పోనీ ఇంకోలా చేద్దామండి. మా ఇంజనీరు గారికి మీ వైపు వేరే పని పడినప్పుడు మీ ఇల్లూ చూసి వస్తారు. దారి ఖర్చు కలిసొస్తుంది కాబట్టి రెండున్నర వేలు. కానీ ఏ రోజు వస్తారో చెప్పలేం."

"ఏ రోజొచ్చినా ఇల్లు ఇక్కడే ఉంటుంది కదయ్యా," అని దొరబాబు ఆ డబ్బు అప్పటికప్పుడే ఫోన్‌లో పంపేశాడు. సగానికి సగం తగ్గించానని రోజంతా మురిసిపోయాడు. రాబోయే ఇంజనీరుని మనసులో బొమ్మ కూడా గీసుకున్నాడు. నల్ల కళ్ళద్దాలు, కారు, కాస్త పొట్ట.

సరిగ్గా ఆ వారమే, మున్సిపాలిటీవాళ్ళు టేపులు పట్టుకుని మేడలు కొలుస్తున్నారని వీధిలో మాట పుట్టింది.

సోమవారం పొద్దున్న సత్యవేణి బజారుకి వెళ్ళింది. గుమ్మం ముందు ఒక స్కూటీ ఆగింది. యాభై ఏళ్ళ ఆవిడ ఒకరు దిగి, సంచిలోంచి టేపు తీశారు.

"నమస్తే అండి. ఇల్లు కొలవడానికి వచ్చాను. నేను..."

"తెలుసమ్మా, తెలుసు. రండి," అన్నాడు దొరబాబు, గొంతు సన్నం చేసి. "కొలవడానికేముంది, కూలిపోవడానికి సిద్ధంగా ఉంది. ఆ గోడ చూడండి. వానొస్తే మాకంటే ముందు అదే తడుస్తుంది."

ఆవిడ గోడ మీద చెయ్యి వేసి చూశారు. పొడిగానే ఉంది. ఆ సంగతే రాసుకున్నారు.

"బోరుందా అండి?"

"ఉందమ్మా. బోరు మా ఇంట్లో, నీళ్ళు పక్కింట్లో."

"పైన?"

"కోళ్ళ షెడ్డు."

"ఒకసారి చూస్తాను," అని ఆవిడ మెట్ల వైపు నడిచారు. దొరబాబు ఒక్క గెంతులో వెళ్ళి మెట్లకి అడ్డంగా నిలబడ్డాడు.

"వద్దమ్మా. పొదుగుతున్నాయి. కొత్తవాళ్ళని చూస్తే గుడ్ల మీంచి లేచిపోతాయి."

ఆవిడ తలెత్తి చూశారు. "కోళ్ళకి కర్టెన్లు కూడా కట్టారే."

"ఎండకి తట్టుకోలేవండి."

"ఏసీ ఉన్నట్టుంది."

"గుడ్లకండి," అన్నాడు.

ఆవిడ నవ్వలేదు. కింది గదులు మాత్రం కొలుచుకుని, పన్ను రసీదు ఫోటో తీసుకుని వెళ్ళిపోయారు. మున్సిపాలిటీని ఎంత బాగా బోల్తా కొట్టించానో అని దొరబాబు ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

గురువారం ఒక కారు ఆగింది. నల్ల కళ్ళద్దాలాయన దిగాడు. కాస్త పొట్ట కూడా ఉంది.

"ఇల్లు చూడాలండి," అన్నాడు ఆయన.

"మీ కోసమే కాచుక్కూర్చున్నాను సార్. రండి, రండి," అని దొరబాబు సరాసరి మేడ మీదికే తీసుకుపోయాడు. ఏసీ వేశాడు. కాఫీ తెప్పించాడు. టైల్సు మీద చెప్పులు లేకుండా నడిచి చూడమన్నాడు. బోరు నీళ్ళు గ్లాసులో పట్టి తాగించాడు.

"ఈ గదులు అద్దెకిస్తే ఎంతొస్తుందండి?"

"ఎనిమిది వేలిస్తామని జనం వెంటపడుతున్నారు సార్. నేనే ఇవ్వటం లేదు."

"ఇది మీరు చెప్పినట్టు సంతకం పెడతారా?"

"ఒకటేంటి సార్, రెండు పెడతాను," అని చదవకుండానే రెండు పెట్టాడు.

మంగళవారం బ్యాంకు మేనేజరు పిలిచాడు. దొరబాబు సత్యవేణిని వెంటబెట్టుకుని వెళ్ళాడు. మేనేజరు రిపోర్టు ముందుకి జరిపి, "ఇరవై ఆరు లక్షలే వచ్చిందండి. అప్పు మారదు," అన్నాడు.

"ఇరవై ఆరా? ఆయన నా ఏసీలో కూర్చుని నా కాఫీ తాగాడే."

"ఆయనెవరు? మా ఇంజనీరు సులోచన గారు. స్కూటీ మీద వస్తారు," అని మేనేజరు రిపోర్టులో ఒక వాక్యం చదివాడు. "పై భాగం కోళ్ళ షెడ్డని యజమాని చెప్పారు. కోళ్ళు పొదుగుతున్నందున చూడనివ్వలేదు."

సత్యవేణి మొగుడి వైపు తిరిగింది. "ఏం కోళ్ళండీ?"

దొరబాబు ఇంకో విషయం ఆలోచిస్తున్నాడు. స్కూటీ ఆవిడ ఇంజనీరయితే, మరి ఆ నల్ల కళ్ళద్దాలాయన ఎవరు?

ఇంటికి వెళ్ళేసరికి దానికీ జవాబు వచ్చి ఉంది. గుమ్మంలో మున్సిపాలిటీ నోటీసు పడి ఉంది. మేడ మీద రెండు గదులు, టైల్సు, ఏసీ, ఎనిమిది వేల అద్దె వచ్చే స్థలం అని యజమాని సంతకంతో తేలింది కాబట్టి, పాత బాకీతో సహా కొత్త పన్ను కట్టమని అందులో ఉంది. కింద గురువారం దొరబాబు పెట్టిన రెండు సంతకాలు, రెండూ చక్కగా ఉన్నాయి.

దొరబాబు సులోచన గారికి ఫోన్ చేసి బతిమాలాడు. "నేను చూడనిది రాయలేనండి," అన్నారావిడ. "చూసినా, పన్ను రసీదులో లేని గదిని లెక్కలో వేయలేను. ఆ గదులకి పన్ను కట్టిన కాయితం చూపించండి, మళ్ళీ వచ్చి కొలుస్తాను."

దొరబాబు నోటీసు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మున్సిపాలిటీకి వెళ్ళొస్తాను. ఆ రోజు నాకు జ్వరం, పలవరించానని చెబితే పన్ను తగ్గిస్తారు," అన్నాడు.

"వెళ్ళండి," అంది సత్యవేణి. ఆమె గొంతులో కోపం లేదు. "అక్కడ కోళ్ళ షెడ్డయితే బ్యాంకులో కూడా కోళ్ళ షెడ్డే కదా. నేను రానని టీచరు గారికి చెప్పేస్తాను." ఆమె ఫోన్ తీసుకుంది. రెండో చేత్తో వయొలిన్ పెట్టెని మళ్ళీ బీరువా వైపు జరిపింది.

దొరబాబు గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. నోటీసు తీసి ఇంకోసారి చదివాడు. తన ఇంటి గురించి ఇన్నేళ్ళలో పూర్తి నిజం రాసిన కాయితం అదొక్కటే. దాని కింద ఉన్నది తన సంతకమే.

"ఫోన్ చెయ్యకు," అన్నాడు. నేరుగా మున్సిపాలిటీకి వెళ్ళి, పైసా తగ్గించమని అడక్కుండా పన్ను కట్టాడు. అక్కడి గుమాస్తా ఆయన్ని అనుమానంగా చూసి నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

సులోచన గారు మళ్ళీ వచ్చారు. రెండోసారి రాకకి మళ్ళీ రెండున్నర వేలు. మొదట్లో వద్దనుకున్న ఐదు వేలూ అలా రెండు విడతల్లో వెళ్ళాయి. ఈసారి దొరబాబు బేరమాడలేదు, మెట్లకి అడ్డంగానూ నిలబడలేదు.

"గుడ్లు పిల్లలయ్యాయా?" అని అడిగారావిడ మెట్లెక్కుతూ.

"అసలు కోళ్ళే లేవమ్మా," అన్నాడు దొరబాబు.

అప్పుడు నవ్వారావిడ. ముప్పై ఎనిమిది లక్షలని రాశారు. నెలాఖరుకి రెండు రోజుల ముందు అప్పు కొత్త బ్యాంకుకి మారింది. సత్యవేణి రాజమండ్రి బస్సెక్కింది.

ఇప్పుడు రోజూ సాయంత్రం మేడ మీంచి వయొలిన్ వినిపిస్తుంది. పదిహేనేళ్ళ తర్వాత పట్టిన కమాను కాబట్టి మొదటి నెల అది కాస్త కీచుగానే పలికింది. "దొరబాబు గారూ, మీ కోళ్ళు ఇవాళ బాగా కూస్తున్నాయే," అని పక్కింటివాళ్ళు అనేవారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. బావమరిది అడిగినా, చందా కుర్రాళ్ళు అడిగినా, ఇంటి విలువ మాత్రం ముప్పై ఎనిమిది లక్షలనే చెప్పేవాడు. చందా కుర్రాళ్ళు ఆ ఏడు రెట్టింపు రాయించుకున్నారు.

నీతి: మనకున్నదాని గురించి అందరికీ ఒకటే మాట చెప్పాలి, మనిషికో మాట చెప్పేవాడి నిజం, అవసరమైన రోజున వాడికే అక్కరకు రాదు.