ఆగు అల్లుడా

వాగుల మీద వంతెనలు లేని కాలం. పండితే తిని, పండకపోతే పస్తులున్న కాలం. ఆ కాలంలో ఓదెలు అని ఒక పటం కథల మనిషి ఉండేవాడట. బొమ్మలు గీసిన పొడుగాటి బట్ట విప్పి, పుల్లతో ఒక్కో బొమ్మ చూపిస్తూ కథ చెప్పేవాడు. విన్నవాళ్లు పెట్టిన జొన్నలే అతని బతుకు.

ఒక వానాకాలం అతని భార్య రాజవ్వ వాగులో దిగింది. నీళ్లు చీలమండ లోతే, కానీ ఎర్రగా ఉన్నాయి. పైన ఎక్కడో వాన పడితే ముందు ఎర్రనీళ్లు వస్తాయి, వెనకే వరద వస్తుంది. ఆ సంగతి వాళ్లకు తెలియదు. రాజవ్వ ఒడ్డు చేరలేదు.

ఇంకెవరూ ఇలా పోకూడదనుకున్నాడు ఓదెలు. బతుకులో అతనికి మిగిలిన కోరిక అదొక్కటే.

మొదటి ఊళ్లో వాగు ఒడ్డున నిలబడి మొత్తుకున్నాడు. "ఎర్రనీళ్లొస్తే దాటకుండ్రి!"

"మా వాగు మాకు తెల్వదా?" అని నవ్వారు. నవ్వి పోయారు.

రెండో ఊళ్లో రాజవ్వ చావునే పటం మీద గీసి చూపించాడు. తల్లులు పిల్లల కళ్లు మూశారు. "పొద్దుపొద్దుగాల ఈ సావు ముచ్చటేందన్నా?" అని లేచిపోయారు. ఆ రోజు జోలెలో గింజ పడలేదు.

ఓదెలు అలసిపోయాడు. కాళ్లు అలిశాయి, గొంతు అలిసింది, పటం మోసే భుజం అలిసింది. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

మూడో ఊరి ముందు కూర్చుని రాజవ్వ బొమ్మ మీద రంగు పూశాడు. దాని మీద ఒక బొజ్జ అల్లుణ్ని గీశాడు. ఆ అల్లుడు అత్త వండే గారెల కోసం వాగులో దూకుతాడు. అత్త అవతలి ఒడ్డు నుంచి అరుస్తుంది, "ఎర్రనీళ్లొచ్చినయ్! ఆగు అల్లుడా, గారెలు ఏడికీ పోవు!" వింటేగా! వరదలో పంచె పోతుంది, చెప్పులు పోతాయి. అల్లుడు తుమ్మకొమ్మ పట్టుకుని వేలాడుతుంటే గారెలన్నీ కాకులు తింటాయి.

జనం పొట్ట పట్టుకుని నవ్వారు. "ఇంకోపారి చెప్పు ఓదెలన్నా!" చెప్పాడు. ఏళ్ల తరబడి అదే చెప్పాడు. నీళ్ల సంగతి ఒక్కరూ అడగలేదు. అత్త ఎన్ని గారెలు వండిందని అడిగారు.

"నవ్విర్రు రాజవ్వా. నవ్వి పోయిర్రు," అని నిట్టూర్చేవాడు. ఒక ఎండాకాలం, పటం తలకింద పెట్టుకుని, ఆ మాట అంటూనే కన్నుమూశాడు. పాపం, ఆ దిగులుతోనే పోయాడు.

ఆ ఏడు వానలకే మూడో ఊరికి ఒక కొత్తల్లుడు వస్తూ ఎర్రనీళ్లలో కాలు పెట్టాడు. అవతలి ఒడ్డున గొడ్లు మేపుతున్న ముసలి పోశవ్వ చూసింది. నోటికొచ్చిన మాట అరిచేసింది. "ఆగు అల్లుడా, గారెలు ఏడికీ పోవు!"

ఒడ్డు మీదున్నవాళ్లంతా పకపకా నవ్వారు. అల్లుడు సిగ్గుపడి కాలు వెనక్కి తీసుకున్నాడు.

అంతలో వరద వచ్చింది. చెట్లను దొర్లించుకుంటూ వచ్చింది. అందరి నవ్వూ ఆగిపోయింది.

"ఓదెలన్న ఇన్నేండ్లు చెప్పింది గిదేనా!" అని పోశవ్వ ఏడ్చింది.

ఆ పటాన్ని ఎప్పుడో చెదలు తినేశాయి. కానీ ఆ వైపు ఊళ్లలో ఇప్పటికీ ఎర్రనీళ్లలో దిగబోయే మనిషిని చూస్తే, ఆడైనా మగైనా, "ఆగు అల్లుడా!" అంటారు. అందరూ నవ్వుతారు. నవ్వి, ఒడ్డున కూర్చుంటారు. మూట విప్పి, తినేది ఏదున్నా మొదటి ముక్క ఒక రాయి మీద పెడతారు.

"నువ్వు గూడ కూసో ఓదెలన్నా," అంటారు. "శాన అలిసినవ్."