నడిచి ఇంటికెళ్లిన అశ్వశాస్త్రం

"నీలవేణిని రేపు పొద్దున్నే పొలిమేర దాటించెయ్యండి!" అన్నారు రాజుగారు.

కొలువంతా నోరు తెరిచింది. నీలవేణి రాజుగారి ఆడగుర్రం. వరదలో ఏరు ఈది ఆయన ప్రాణం కాపాడిన గుర్రం.

ఇదంతా కొండుభట్టుగారి చలవ. ఆస్థానానికి కొత్తగా దిగిన అశ్వశాస్త్ర పండితులు. సుడి చూసి గుర్రం జాతి చెప్పేస్తారు, నడక చూసి దాని తాతముత్తాతల ఊరు చెప్పేస్తారు. గుర్రాలకు నోరు లేదు గనక ఇంతవరకూ ఆయన మాట కాదన్నవాళ్లు లేరు.

"కంటి కింద సుడి ఉంది ప్రభూ! కన్నీటి సుడి. ఉంచుకుంటే రాజ్యం ఏడుస్తుంది" అన్నారు భట్టుగారు.

రాజుగారిని నవ్వించడమే ఉద్యోగమైన చిట్టెన్న ఊరుకోలేదు. "ఆ సుడి వరదనాడూ ఉంది కదా ప్రభూ! ఆ రోజు రాజ్యం ఏడవలేదు, ఏడ్చింది తమరే."

రాజుగారికి ఒళ్లు మండింది. "సాయంత్రంలోగా భట్టుగారి శాస్త్రం తప్పని చూపించు. లేదా దాని వెంట నువ్వూ పో!"

సాయంత్రం చిట్టెన్న ఒక గుర్రాన్ని తాడు పట్టుకుని కొలువుకు తెచ్చాడు. జీను లేదు, గజ్జెలు లేవు. భట్టుగారు ఉత్తరీయంతో ముక్కు మూసుకున్నారు.

"ఎక్కడ దొరికిందయ్యా ఈ శనిగొట్టుది?"

"ఏ జాతి అంటారు?"

"దీనికో జాతి కూడానా! చెవులు చూస్తే గాడిద, వీపు చూస్తే కుంగిన నులకమంచం. ఏదీ, నడిపించు. అబ్బబ్బ, బాతు పెళ్లికి బయల్దేరినట్టుంది! నుదుట చుక్కయినా లేదు. నేనెక్కే మా పారశీక గుర్రాన్ని చూడు, నుదుట చందమామ, నెమలి నడక!"

"దీన్ని ఎక్కితే ఏమవుతుందో?"

"నిండుసభలో నవ్వులపాలవుతాడు. శాస్త్రం!"

ఆ మాట పూర్తవుతుండగానే గుర్రం మెడ చాచి, భట్టుగారి రొంటిన మూతి దూర్చి, బెల్లం ముక్క లాక్కుని కరకర నమిలేసింది.

"ఛీఛీ! ఇక్కడ బెల్లం ఉందని దీనికెలా తెలుసు?"

చిట్టెన్న తడిగుడ్డతో గుర్రం నుదురు తుడిచాడు. మసి పోయింది. తెల్లటి చందమామ బయటపడింది.

"రోజూ పెట్టేది తమరే కదండీ! జరీగుడ్డ తీసేసి కాస్త మసి పూశానంతే. మీరు దాన్ని గుర్తుపట్టలేదు గానీ, పాపం, అది మిమ్మల్ని గుర్తుపట్టింది."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. కొలువు గొల్లుమంది. భట్టుగారు ఈసారి ఉత్తరీయంతో మొహమే మూసుకున్నారు.

చిట్టెన్న మాత్రం చేతులు జోడించి అన్నాడు.

"నవ్వకండి ప్రభూ, శాస్త్రం తప్పలేదు! దీన్ని ఎక్కేవాడు నిండుసభలో నవ్వులపాలవుతాడన్నారు. రోజూ ఎక్కేది వీరే!"

రాజుగారు తన శాలువా తీసి చిట్టెన్న భుజాన వేశారు. "నీలవేణి ఎక్కడికీ పోదు. ఇకనుంచి దాని కళ్లెం నీ చేతిలోనే. మరి భట్టుగారూ, ఇంటికి ఎలా వెళ్తారు?"

తన శాస్త్రం తానే చెప్పాక ఇక గుర్రం ఎలా ఎక్కుతారు? భట్టుగారు నడిచే వెళ్లారు. వెనకే ఆ గుర్రం, ఇంకో బెల్లం ముక్క కోసం రొంటిన పొడుస్తూ.