నూకాలు దుప్పి కొన్న మెరిసే ఫోను

దగ్గరకి జరిగి కూర్చోండర్రా. ఇది భయం కథ. మధ్యలో లేచి దుప్పట్లో దూరితే మిగతాది చెప్పను, ముందే అంటున్నాను.

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో నూకాలు అనే దుప్పి ఉండేది. దానికి ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది పోలి, చిన్నది గవ్వ. గవ్వకి ఒక అలవాటుంది. భయమేస్తే కళ్లు గట్టిగా మూసేసుకునేది.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. మడుగు ఎండి బురదయింది. ఆ బురద కూడా ఎండి బీటలు వారింది. దుప్పులన్నీ కొండ అవతల ఏటి ఒడ్డుకి వెళ్లిపోయాయి. ఇక మిగిలింది నూకాలూ, పిల్లలూ. ఏటి ఒడ్డుకి మూడు రోజుల నడక. మధ్యలో వెదురు లోయ. ఆ లోయలో రేచుకుక్కలుంటాయి.

రేచుకుక్కలంటే తెలుసా? ఎర్రగా ఉంటాయి. మన వీధి కుక్కల్లా మొరగవు. ఒకదాన్నొకటి ఈల వేసి పిలుచుకుంటాయి. చీకటి పడేదాకా కూడా ఆగవు, పట్టపగలే వేటకొస్తాయి. ఈల వినపడిందంటే అప్పటికే అవి చుట్టుముట్టినట్టే.

ఆ లోయ తలుచుకుంటేనే నూకాలుకి భయమేసేది. దారి కూడా సరిగ్గా తెలియదు. అందుకని ఒక ఫోను కొనుక్కుందామనుకుంది. తట్టెడు ఇప్పపూలు ఏరి, చింతచెట్టు మీద ఫోన్ల కొట్టు పెట్టుకున్న ముసలి కొండముచ్చు అప్పన్న దగ్గరకి వెళ్లింది.

"అప్పన్న మావా, చోటు మారిపోతున్నాం. ఒక మంచి ఫోనియ్యి" అంది.

అప్పన్న వెంటనే ఫోను తియ్యలేదు. ముందు మూడు మాటలడిగాడు.

"ఎన్ని రోజుల నడకమ్మా?"

"మూడు రోజులు."

"దారిలో చార్జింగు పెట్టుకునే చోటుందా?"

"లేదు మావా."

"మరి దారిలో నీకు దేనికి భయం?"

నూకాలు పిల్లల వైపు చూసి గొంతు తగ్గించింది. "రేచుకుక్కలకి."

అప్పన్న తల ఊపి లోపల్నుంచి ఒక చిన్న ఫోను తెచ్చాడు. నల్లగా, మందంగా ఉంది. అంచుల్లో గీతలు పడ్డాయి.

"ఇది తీసుకో. చార్జింగు మూడు రోజులూ వస్తుంది. రాకపోతే అన్న అనుమానం లేకుండా పవర్ బ్యాంకు కూడా ఇస్తాను. లోయలో టవరు లేదు, కాబట్టి దారి మ్యాపు ఇక్కడే దించి పెడతాను. ఇవిగో, ఈ రెండు బిళ్లలూ పిల్లల మెడల్లో కట్టు. ఎవరు తప్పిపోయినా ఎటు ఉన్నారో ఫోను చూపిస్తుంది, దానికి టవరుతో పనిలేదు. అన్నీ కలిపి ఆ తట్టెడు పూలే" అన్నాడు.

నూకాలు వింటోంది కానీ చూపు మాత్రం పై కొమ్మ మీద ఉంది. అక్కడ ఒక పెద్ద ఫోను వేలాడుతోంది. తామరాకంత ఉంది. అద్దంలా మెరుస్తోంది. వీపంతా బంగారు రంగు.

"అది ఎంత మావా?"

"అదీ తట్టెడు పూలే. కానీ పైన ఇంకేమీ రాదు. వాడితే చార్జింగు రెండు రోజులు దాటడం కష్టం. ఈ ప్రయాణానికి అది కాదమ్మా."

నూకాలు మనసులో ఏమనుకుందో చెప్పనా? 'ముందే ఏటి ఒడ్డు చేరిన దుప్పులు ఎంత దర్జాగా ఉన్నాయో ఏమో. ఈ గీతల డొక్కు మెడలో వేసుకుని వెళితే, ఎండిన మడుగు దగ్గరే మిగిలిపోయిన బికారి అనుకోరూ?' అనుకుంది.

"ఆ పెద్దదే ఇయ్యి మావా" అంది.

"ఇప్పుడేగా రేచుకుక్కలకి భయమన్నావు?" అన్నాడు అప్పన్న. "పోనీ సాయంత్రం దాకా కూర్చో. మ్యాపు దించిస్తాను. అది దానంతటదే మాట్లాడుతుంది, దాని నోరు ఎలా మూయించాలో నేర్పిస్తాను."

"టవరు ఐదు గీతలూ చూపిస్తోంది కదా మావా, ఇంకేం కావాలి" అని నూకాలు ఫోనుకి తాడు కట్టి మెడలో వేసుకుంది. పదిమందికీ వినపడాలని దాని గొంతు పూర్తిగా పెంచుకుంది కూడా.

చోద్యం కాకపోతే ఏమిటి చెప్పండి. ఆ తల్లికి రెండు భయాలున్నాయి. ఒకటి రేచుకుక్కల పళ్లు, రెండోది నలుగురి నోళ్లు. ఆ పూట రెండోదే గెలిచింది.

దుప్పుల్లో ఒక పద్ధతుంది. తల్లి ముందు నడుస్తుంది. కాలు నేలకేసి తడితే పిల్లలు ఉన్నచోటే కూర్చుండిపోవాలి. తెల్లటి తోక పైకెత్తితే వెంట పరుగెత్తాలి.

మొదటి రోజు హాయిగా నడిచారు. బండ దగ్గర ఒక ఫోటో, పుట్ట దగ్గర ఒక ఫోటో. "ఎడమకి తిరగండి" అని ఫోను చెబుతుంటే పోలి పకపకా నవ్వింది.

రెండో రోజు లోయలోకి దిగారు. ఐదు గీతలు మూడయ్యాయి. మూడు ఒకటయింది. ఆ ఒక్కటీ పోయింది. తెర మీద దారి చెరిగిపోయి ఉత్త తెల్లకాగితంలా మిగిలింది. చుట్టూ వెదుళ్లు, ఎటు చూసినా ఒకేలా ఉన్నాయి. నూకాలు అంచనా మీదే పిల్లల్ని నడిపించింది.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం ఈల వినపడింది.

నూకాలు టక్కున కాలు తట్టింది. పోలి, గవ్వ గడ్డిలో కూర్చుండిపోయారు. గవ్వ కళ్లు మూసేసుకుంది. వెదుళ్ల సందులో ఒక ఎర్ర వీపు కదిలింది. దాని వెనక ఇంకొకటి. దాని వెనక మూడోది. వాటి ఊపిరి కూడా వినపడేంత దగ్గర. అవి గాలి వాసన చూశాయి. గాలి అటునుంచి ఇటు వీస్తోంది, వాటికేమీ తెలియలేదు. మెల్లగా దాటిపోతున్నాయి.

అప్పుడు నూకాలు మెడలోని ఫోను తియ్యటి గొంతుతో, లోయంతా మోగేలా అంది.

"చార్జింగు అయిపోతోంది. దయచేసి చార్జరు పెట్టండి."

ఇటు ఒక ఈల. అటు ఒక ఈల. వెనక ఇంకొకటి.

నూకాలు తోక ఎత్తి దూకింది. పోలి వెంట పరుగెత్తింది. కాళ్ల కింద రాళ్లు జారుతున్నాయి. ఫోను మళ్లీ అదే మాట అంటోంది. వెదురు ముల్లుకి తాడు తగులుకుని తెగింది. ఫోను కిందపడి అక్కడే అరుస్తుంటే కుక్కలన్నీ దాని చుట్టూ మూగాయి. తల్లీబిడ్డలు ఏరు కనపడే గట్టెక్కి వెనక్కి తిరిగారు.

పోలి ఉంది. గవ్వ లేదు.

నూకాలుకి పై ప్రాణాలు పైనే పోయాయి. పోలిని పొదలో దాచి మళ్లీ లోయలోకి దిగింది. గట్టిగా పిలుద్దామంటే కుక్కలు వింటాయి. పిలవకపోతే బిడ్డకి తెలియదు. మెడలో ఆ బిళ్ల కట్టి ఉంటే ఈపాటికి తెలిసేది. అప్పన్న అరచేతిలో పెట్టి చూపించిన బిళ్లే ఆ తల్లికి అడుగడుగునా గుర్తొచ్చింది. తమ అడుగుల జాడ వెతుక్కుంటూ, ప్రతి ఆకు చప్పుడుకీ ఆగుతూ వెళ్లింది.

గవ్వ ఆ గడ్డిలోనే ఉంది. ఒక రేచుకుక్క ఫోను వైపు పరుగెడుతూ దాని మీద నుంచే దూకిందట. ఆ గోటికి చెవి రెండుగా చీలింది. నెత్తురు మీద చీమలు పట్టాయి. అయినా కదల్లేదు. కళ్లు ఇంకా మూసుకునే ఉన్నాయి.

తల్లి వాసన తగిలాక మెల్లగా అంది. "అమ్మా, నువ్వు కాలు తట్టావుగా. అందుకే కదల్లేదు. తోక ఎత్తావేమో, నేను చూడలేదు."

నూకాలు చీమల్ని దులిపి ఆ చెవిని నాకింది.

పొద్దు వాలేసరికి ముగ్గురూ ఏటి ఒడ్డు చేరారు. దుప్పులన్నీ ఎదురొచ్చాయి. నూకాలు తల దించుకుంది. మెడలో తెగిన తాడు ముక్క తప్ప ఏమీ లేదు. కాసేపటికి కళ్లెత్తి చూసింది. అక్కడున్న ప్రతి దుప్పి మెడలోనూ నల్లటి, మందపాటి, గీతలు పడ్డ చిన్న ఫోనే ఉంది. అన్నీ అప్పన్న కొట్టువే.

ఫోను సంగతి ఎవ్వరూ ఎత్తలేదు. అందరిలోకీ పెద్ద దుప్పి దగ్గరకొచ్చి ఒక్క మాటే అడిగింది.

"పిల్లలందరూ వచ్చారా తల్లీ?"

నూకాలు గవ్వ చెవి వైపు చూసి భోరున ఏడ్చింది.

నీతి: నలుగురూ ఏమనుకుంటారో అన్న భయంతో కొన్న వస్తువు, నిజంగా భయం ఎదురైనప్పుడు ఆదుకోదు.