వాయిదా ముందురోజు వంట

కుందవరం రాజ్యంలో భుజంగరాయుడనే ధనాధికారి పేదలకు చిన్న చిన్న అప్పులిచ్చి, వారం వారం వాయిదాలు వసూలు చేయించేవాడు. "కుమ్మరివాడలో ఒక్క వాయిదా కూడా తప్పలేదు ప్రభూ! మన అప్పులతో అందరూ బాగుపడ్డారు" అని ఒకనాడు సభలో గొప్పగా చెప్పుకున్నాడు.

రాజు సంతోషించి, ఆ వాడలో అందరికంటే ముందు వాయిదా కట్టే గవరమ్మను పిలిపించాడు. ఏం బహుమానం కావాలని అడిగాడు.

"ఇంకేమీ వద్దు దొరా. మేం బాగుపడ్డామని అంటున్నారు గదా, రాయుడుగారిని ఒక్క వారం మా ఇంట్లో ఉండి మాతోపాటు తినమనండి" అంది గవరమ్మ.

కాదంటే తన మాటే అబద్ధమవుతుందని రాయుడు ఒప్పుకున్నాడు. రెండు రోజులు పలచని గంజి తాగాడు. మూడోనాడు పొయ్యే వెలగలేదు.

"ఇవాళ వంట లేదా?" అన్నాడు నీరసంగా.

"రేపు వాయిదా కదయ్యా!" అంది గవరమ్మ.

నాలుగోనాడు అతను సభలో కళ్లు తిరిగి పడిపోయాడు. రాజు గవరమ్మను పిలిపించి సంగతంతా విని, పొయ్యి వెలగని ఇంట వాయిదా అడగరాదని ఆజ్ఞ వేశాడు. గవరమ్మ తెలివిని మెచ్చుకున్నాడు.

ఆమె మాత్రం కళ్లు తుడుచుకుంది.

"పోయినేడు మా ఆయన దగ్గుతో మంచాన పడితే, మందుకని దాచిన డబ్బులు కూడా వాయిదాకే కట్టేశాను దొరా. ఈ తెలివేదో అప్పుడే వచ్చుంటే ఆయన నాకు దక్కేవాడు."