లేని వార్డులో ముసలమ్మ

నాకు గర్వం లేదు. నాకంటే బాగా సూది గుచ్చేవాళ్లు క్లాసులో లేరన్న సంగతి దాచి తోటివాళ్లను మోసం చేయడం ఇష్టంలేక, రోజూ వాళ్లకి చెబుతుండేవాణ్ని. నిజాయితీపరుణ్ని మరి.

మా నర్సింగ్ కాలేజీకి వీఆర్ కళ్లజోడు వచ్చింది. తలకు తగిలించుకుంటే చాలు, లేని వార్డు కళ్లముందు తేలుతుంది. తెల్లటి పరదాలు గాలి లేకుండానే ఊగుతాయి. కిటికీలో సముద్రం ఉంటుంది, ఉప్పు వాసన ఉండదు. ఎవరూ దగ్గరు, మూలగరు. మంచం మీద ఒక ముసలమ్మ. ఆవిడ చేతిలో నరం వెతికి రక్తం తీయాలి. నేను తీస్తే నూటికి నూరు.

అయినా మాకు పాఠాలు చెప్పే సువార్తమ్మ సిస్టర్ నన్ను అసలు వార్డుకు పంపలేదు. మార్కుల్లో నా వెనకున్నవాళ్లంతా వెళ్లిపోయారు. నెలాఖరులోగా వార్డు డ్యూటీ మొదలవకపోతే నాకు ఏడాది పోయినట్టే.

ఒక మధ్యాహ్నం వెళ్లి అడిగేశాను.

"సిస్టరమ్మా, నాలో లోపమేంటి?"

"చెయ్యి బంగారంరా నూకరాజూ."

"మరి?"

ఆవిడ బల్ల మీద దుప్పటి పరిచి, "పడుకో" అంది. కళ్లజోడు తన చేత్తోనే నా తలకు తగిలించి, ఏదో నొక్కింది.

ఈసారి నేను ముసలమ్మ మంచం మీద ఉన్నాను. నా చేతులు ముడతలు పడి ఉన్నాయి. పరదా ఊగుతూనే ఉంది. సముద్రం మాత్రం లేదు. పడుకున్నవాళ్లకి అది కనబడదు కాబోలు.

నా గుండెల మీంచి లేచినట్టు ఒక ముసలి గొంతు వినిపించింది.

"బాబూ, ఎవరు నువ్వు? మా ఆయనకీ ఇలాగే గుచ్చారు. మళ్లీ ఇంటికి రాలేదు. కాస్త ఆగు నాయనా."

ఈ మాటలు నేనెప్పుడూ వినలేదు. ఆవిడ నోరు తెరవగానే మాటలు దాటేసే బటన్ నొక్కేవాణ్ని. వినడానికి మార్కుల్లేవు మరి.

పరదా పక్కనుంచి రెండు తెల్ల గ్లౌజులు తేలుతూ వచ్చాయి. వెనక మనిషి లేడు. గబగబా వచ్చి నా చేతికి పట్టీ బిగించాయి. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"ఎవరమ్మా అది?"

"నిన్న నూటికి నూరు తెచ్చుకున్నాడే, ఆ కుర్రాడు." సిస్టరమ్మ గొంతు ఎక్కడో దూరంగా ఉంది.

"ముఖం లేదేంటమ్మా?"

"ఆవిడా రోజూ అదే అడుగుతోంది, ఎవరు నువ్వని."

గ్లౌజులు పని చక్కగా ముగించుకుని వెళ్లిపోయాయి. నొప్పి లేదు. అయినా చాలాసేపు కళ్లజోడు తీయలేదు. లోపల తడిగా ఉంది. చెమటే అనుకోండి.

మర్నాడు సిస్టరమ్మ నన్ను వార్డుకు పంపింది. మొదటి మంచం మీద ఒక తాత. సూది పక్కన పెట్టి, ఆయన కళ్లలోకి చూసి, "తాతా, నా పేరు నూకరాజు" అన్నాను.

"అయితే ఏంటంట?" అన్నాడాయన.

దానికి జవాబు నేనింకా నేర్చుకోలేదు.