చిలక్కి పీట వేయడం

బలంతో కాని పనిని ఎవరైనా మెత్తగా సాధిస్తే మా ఊళ్లో "చిలక్కి పీట వేశాడు" అంటారు. పక్క జిల్లా నుంచి వచ్చిన కోడళ్లకు ఈ మాట బోధపడదు. మొన్న పోస్టు రాఘవయ్య గారి కొత్తకోడలు నిజంగానే పంజరం ముందు పీట వేసిందట. ఆ పిల్లని నేనేమీ అనను, అనడానికి అత్తగారు ఉన్నారు. ఎప్పుడో మా అమ్మమ్మ వడియాలు పెడుతూ ఈ కథ చెప్పేది. దగ్గరికి జరగండి పిల్లలూ, ఆవిడ చెప్పినట్టే చెబుతాను.

అనగా అనగా, మన ముత్తాతలకు ఇంకా పాలపళ్లయినా రాని రోజుల్లో, కుంకుమపురికి ఒక రాజు. ఆ రాజ్యంలో ఒక ఆచారం. గుమ్మంలోకి ఎవరొచ్చినా ముందు పీట వేయాలి, అన్నం పెట్టాలి, ఆ తర్వాతే వచ్చిన పని అడగాలి. అన్నం పెట్టిన చేత్తో వాళ్లకు హాని చేయకూడదు. మన ఇళ్లలోనూ ఒకప్పుడు ఇలాగే ఉండేది. ఇప్పుడు గేటు బయటే నిలబెట్టి ఏం పని అని అడుగుతున్నాం.

రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి కోపం ఎక్కువ, నడిపివాడికి తొందర ఎక్కువ, చిన్నవాడు నందనుడికి ఆకలి ఎక్కువ. రాజుగారి మేనకోడలు కనకలేఖ అంటే నందనుడికి ప్రాణం. తాళి కట్టే వేళకి బావ పంక్తిలో కూర్చుని ఉంటాడని ఆమె అతణ్ణి ఏడిపించేది.

ఒకనాడు ధూమకేశుడనే మాంత్రికుడు కనకలేఖను ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. మూడో పున్నమినాడు పెళ్లాడతానని కబురు పెట్టాడు. మొదటి పున్నమికి పెద్దవాడు కత్తి పట్టుకుని వెళ్లాడు, తిరిగి రాలేదు. రెండో పున్నమికి నడిపివాడు వెళ్లాడు, తిరిగి రాలేదు. మూడోసారి నందనుడు వీపుకు పీట కట్టుకుని, తల్లి ఇచ్చిన అన్నం మూట పట్టుకుని బయల్దేరాడు. కోటలో కాపలావాళ్లు కూడా నవ్వారు.

అడవిలో నక్క ఎదురైంది. నందనుడు పీట వేశాడు, ముద్ద పెట్టాడు, ఆ తర్వాత దారి అడిగాడు.

"మీ అన్నలు కత్తి చూపించి దారి అడిగారు, దారే చెప్పాను," అంది నక్క. "నువ్వు అన్నం పెట్టావు కాబట్టి రహస్యం కూడా చెబుతాను. వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది."

సముద్రం ఒడ్డున తాబేలు కనిపించింది. నందనుడు పీట వేశాడు. అది పీట ఎక్కేసరికి పొద్దు వాలింది. ఓపిగ్గా ముద్ద పెట్టాడు, ఆ తర్వాత సాయం అడిగాడు. తాబేలు అతణ్ణి వీపు మీద ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది. అన్నాళ్లు అన్నం పాడవలేదా అని అడగకండి. నేను అడిగితే మా అమ్మమ్మ వడియాల గరిటె ఎత్తింది.

మాంత్రికుడి కోట వాకిట్లో అన్నలిద్దరూ రాతిబొమ్మలై నిలబడి ఉన్నారు. లోపల కనకలేఖ, ఆమె పక్కన పంజరంలో బక్కచిక్కిన చిలక. ఆ రోజే మూడో పున్నమి. సాయంత్రానికి వాడు వచ్చేస్తాడని, ఈలోగా చిలక మెడ విరిచెయ్యమని కనకలేఖ తొందరపెట్టింది. నందనుడు పంజరం తలుపు తీసి పీట వేశాడు.

"ముందు కూర్చో. అన్నం తిన్నావా?"

నూరేళ్లలో ఆ మాట అడిగినవాడు లేడు. చిలక కళ్లు చెమర్చాయి. అది పీట ఎక్కి చిన్న ముద్ద తింది.

"బావా, వాడి ప్రాణానికి వడ్డిస్తున్నావా?" అంది కనకలేఖ.

అప్పుడుగానీ నందనుడికి తాను చేసిన పని తెలియలేదు. ఇక చిలకను చంపడానికి లేదు. అంతలో మెట్ల మీద మాంత్రికుడి పావుకోళ్ల చప్పుడు వినిపించింది.

"పెట్టిన చేత్తో మెడ విరవలేను లేఖా," అన్నాడు నందనుడు.

కనకలేఖ ఏడవలేదు. తన బావ అలాంటివాడని ఆమెకు ముందే తెలుసు. అతని చెయ్యి పట్టుకుని నిలబడింది.

చిలక దగ్గింది. "వాడి ప్రాణం ఆవగింజంత పూస. నా గొంతులో ఇరికించాడు. మెత్తటి ముద్ద తింటే అది కడుపులోకి జారి తాను చస్తానని నూరేళ్లూ జామగింజలే పెట్టాడు. ఇప్పుడు నువ్వు పెట్టిన ముద్దకి కాస్త కదిలింది. గొంతులో చేపముల్లు గుచ్చుకుంటే మీ అమ్మ ఏం చేస్తుంది?"

నందనుడికి వెంటనే తట్టింది. ఉత్త అన్నం పెద్ద ముద్ద చేసి, నమలకుండా మింగమన్నాడు. మాంత్రికుడు గుమ్మంలో చెయ్యెత్తి మంత్రం మొదలుపెట్టాడు. చిలక గుటక వేసింది. పూస కడుపులోకి జారింది. మాంత్రికుడికి ఒక్కసారిగా ఎక్కిళ్లు వచ్చాయి, సగం మంత్రం నోట్లోనే ఉండగా గుమ్మంలో కూలబడి పొగైపోయాడు. వాకిట్లో రాతిబొమ్మలు మనుషులయ్యాయి. ప్రాణం రాగానే ఇద్దరూ అన్నం మిగిలిందా అని అడిగారు.

కుంకుమపురికి వచ్చాక కనకలేఖ కనిపించిన వాళ్లందరికీ "మా బావ చిలక్కి పీట వేశాడు" అని చెప్పింది. ఆడపిల్ల గర్వంగా చెప్పిన మాట ఊరు దాటడానికి ఎంతసేపు? అలా అలా మా ఊరికీ వచ్చింది.

ఏడు రోజుల పెళ్లి జరిగింది. నందనుడు రాజై అరవయ్యేళ్లు ఏలాడు. చిలక వాళ్ల వంటింట్లోనే ఉండి, ముసలిదై, ఒక వేసవి మధ్యాహ్నం నిద్రలో పోయింది. మర్నాడు భోజనాల వేళ ముసలి రాజు విస్తరి ముందు కూర్చుని చెయ్యి కడుక్కున్నాడు కానీ ముద్ద కలపలేదు. కనకలేఖ లేచి, చిలక కూర్చునే చోట పీట వాల్చి, ఒక మెత్తటి ముద్ద పెట్టి వచ్చింది. అప్పుడు ఇద్దరూ అన్నం తిన్నారు.